మురుంగపాక్కం చిరునామా

"ఒక్క సంతకం వదినా. అంతే. రెండు దినాలుగా ఈ కాగితం ఈడనే పడుండాది."

శిలంబరసన్ గొంతు పెంచలేదు. బల్ల మీద కాఫీ గ్లాసు కింద ఉన్న ఫారాన్ని పైకి తీశాడు. గ్లాసు అడుగు తడికి కాగితం మీద గుండ్రటి మరక పడింది. దాన్ని చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాడు.

దీపా అతనివైపు చూడలేదు. నేల మీద కూర్చుని, మామగారి కాలి కట్టు మీద ప్లాస్టిక్ సంచి తొడిగి, జారిపోకుండా దారం చుడుతోంది. శుక్రవారం. మంగళవారం, శుక్రవారం ఆయన్ని గోరిమేడు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. షుగరు పుండుకు అక్కడే కట్టు మారుస్తారు.

"అది బండి పేరు మార్చే కాగితం శిలంబూ. నేనడిగింది అడ్రసు మార్చేదానికి."

"రెండూ ఒకటే గదా."

"ఒకటెట్ల అవుతాది?"

"బండి నా పేరుకు వచ్చేస్తే నీకు ఈ అలైచ్చల్, ఈ తిరుగుడంతా ఉండదు వదినా. నాకు ఆధారు ఉండాది, ఓటరు కార్డు ఉండాది. ఆఫీసులో ఒక పూట పని. నీకైతే పాస్‌పోర్టు చూపించు అంటారు, వీసా చూపించు అంటారు. నువ్వు ఈ దేశంలో ఉండేదానికిచ్చిన పర్మిట్‌లో పాత అడ్రసుండాది, ముందు అది మార్చుకోని రా అంటారు. నువ్వు మలేసియా పౌరురాలివి. ఊరికే తిరగతావు."

"తిరుగుతా. బండుంది కదా తిరిగేదానికి."

రాజేంద్రన్ కుర్చీలో కూర్చుని ఒకసారి కొడుకు వైపు, ఒకసారి కోడలి వైపు చూశాడు. ఆయనకు సగం మాటలే వినపడ్డాయి. వంటింటి గడపలో నిలబడ్డ ఆయన భార్య అంజలైకి మాత్రం అన్నీ వినపడ్డాయి. సోమవారం నుంచి ఆమె ఆ విషయం మీద నోరు విప్పలేదు.

గొడవ మొదలైంది ఒక పోలీసాయనతో. పోయిన వారం అరియాంకుప్పం వంతెన దగ్గర దీపా స్కూటరు ఆపి కాగితాలు అడిగాడు. ఆర్‌సీలో గోరిమేడు చిరునామా ఉంది. ఇప్పుడెక్కడ ఉంటున్నావమ్మా అంటే, మురుంగపాక్కం, వచ్చి నాలుగు నెలలయిందని దీపా నిజమే చెప్పింది. ఇల్లు మారిన ముప్పై రోజుల్లో మార్చుకోవాలి, ఈసారికి పో, మళ్ళీ ఆపితే వదలను అని పంపించాడు.

ఇల్లు మారింది అంజలై కోసం. ఆమె పెద్దకొడుకు, దీపా భర్త వెట్రివేల్ తొమ్మిది నెలల కిందట, ఆదివారం పొద్దున, గోరిమేడు ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. గుండె ఆగిపోయింది. ముప్పై ఆరేళ్ళు. ఆ తర్వాత అంజలై ఆ హాల్లోకి అడుగు పెట్టలేకపోయింది. వంటింట్లోనే తిని, వంటింట్లోనే పడుకునేది. చివరికి శిలంబరసన్ మురుంగపాక్కంలో ఈ ఇల్లు చూశాడు. అద్దె కాగితం అంజలై పేరునే రాయించాడు. తన సంసారం విల్లియనూరులో ఉంది.

అప్పటిదాకా దీపా కాగితాలన్నీ వెట్రివేల్ చూసేవాడు. పినాంగ్‌లో కంపెనీ ఉద్యోగం చేస్తున్నప్పుడు ఆమెను చేసుకుని, ఆరేళ్ళ కిందట ఇక్కడికి తీసుకొచ్చాడు. వీసా, పర్మిట్, ఏటేటా రాయవలసినవన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని అతనే నింపేవాడు. ఆమె సంతకాలు పెట్టేది, అంతే.

ఇప్పుడు ఆమెకు కావలసిందీ ఒక సంతకమే. విదేశీయులను నమోదు చేసే ఆఫీసుకు సోమవారం ఒక్కతే వెళ్ళి కనుక్కుంది. ఇంటి ఓనరు ఒక ఫారం నింపాలి. అద్దె కాగితం ఎవరి పేరున ఉందో వాళ్ళు, ఈమె మా ఇంట్లోనే ఉంటోంది అని ఒక ఉత్తరం ఇవ్వాలి. ఓనరు తాయారమ్మ అడిగిన గంటలో తన వంతు పని ముగించింది.

అంజలై మాత్రం దీపా రాసిచ్చిన ఉత్తరం అందుకుని, మడిచి, బియ్యం డబ్బా మీద పెట్టింది. అంతే.

"అత్తా," దీపా లేచి నిలబడి వంటింటి వైపు తిరిగింది. "శిలంబు కాగితం వొద్దు. నువ్వు ఆ ఉత్తరంలో చేవ్రాలు పెట్టు. మిగతాది నేను చూసుకుంటా."

"టైమయిపోతాండాది. డాక్టరు పోయేస్తాడు," అంది అంజలై. "ముందు ఆయన్ని పిలుచుకోని పో."

అని లోపలికి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ కుళాయి కింద కడగవలసిన గిన్నె ఒక్కటీ లేదని దీపాకు తెలుసు.

*

ఆసుపత్రి బెంచీ మీద వాళ్ళ ముందు పదకొండు మంది ఉన్నారు.

రాజేంద్రన్ మిల్లులో మగ్గాల మోత మధ్య ముప్పై రెండేళ్ళు పనిచేశాడు. చెవులు అక్కడే పోగొట్టుకున్నాడు. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినపడదనుకుని మాట్లాడతాడు. రహస్యం చెప్పినా అంతే.

"దీపా! నీకొకటి చెప్పాల. మీ అత్తకు చెప్పొద్దు!"

బెంచీలో సగం మంది తిరిగి చూశారు.

"మెల్లిగా మామా."

"మెల్లిగానే చెప్తాండా! మీ అత్త మీ అన్నకు ఫోను చేసినాది! మలేసియాకి! రెండు వారాలయింది!"

దీపా చేతిలోని టోకెన్ చీటీని వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

"ఏం చెప్పింది?"

"వచ్చి మీ చెల్లెల్ని పిలుచుకోని పోండి అన్నాది. ఈడ దాని బతుకు పాడైపోతాండాది అన్నాది. వాళ్ళూ సరేనన్నారంట. శిలంబుకి బండి సంగతి చెప్పింది కూడా మీ అత్తే. బండి లేకపోతే నువ్వు పోయేదానికి తొందర పడతావని."

పక్కన కూర్చున్న ముసలావిడ అరవంలో 'పావం' అని నాలుక చప్పరించింది. ఎవరిని చూసి అందో తెలియలేదు.

"నువ్వేమన్నావు మామా?"

రాజేంద్రన్ కాలి వైపు చూసుకున్నాడు. "నన్నెవరడిగినారు? అడిగితే ఏమని చెప్పేది? నువ్వు పోతే నా కాలికెవరు అని నా మనసులోనే ఒక మాట వచ్చినాది. ఛీ అనిపించినాది. అందుకే నోరు మూసుకోనుండా."

ఈ మాట మాత్రం ఆయన నిజంగానే మెల్లిగా అన్నాడు.

నర్సు వాళ్ళ నంబరు పిలిచింది. దీపా ఆయన చంక కింద చెయ్యి వేసి లేపింది. కట్టు విప్పుతున్నంతసేపూ పుండు ఎంత ఎండిందో నర్సును అడుగుతూనే ఉంది. ఏ మందు ఎన్ని పూటలో రాసుకుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మనసు మాత్రం పోయిన ఆదివారం దగ్గర ఆగిపోయింది. ఆ రోజు అన్న సుబ్బరాయలు ఫోన్ చేశాడు. అమ్మ నిద్రపోతోందన్నాడు, పని ఉందన్నాడు, రెండు నిమిషాల్లో పెట్టేశాడు. ఏదో దాస్తున్నాడని అప్పుడే అనిపించింది.

*

మధ్యాహ్నం అంజలై పెరటి మెట్ల మీద రొయ్యలు ముందేసుకుని కూర్చుంది. చీపురుపుల్ల మొనతో ఒక్కొక్క దాని వీపు మీది నల్లటి నరాన్ని లాగి పారేస్తోంది. దీపా ఇంకో పుల్ల తీసుకుని ఎదురుగా కూర్చుంది.

కాసేపు ఇద్దరూ పనే చేశారు.

"అత్తా. మా అన్నకు ఫోను చేసినావా?"

అంజలై చెయ్యి ఆగలేదు. "మీ మామ చెప్పినాడా?"

"నాకే కాదు. ఆసుపత్రి మొత్తానికీ చెప్పినాడు."

అంజలై మూతి చివర నవ్వులాంటిది వచ్చి ఆగిపోయింది.

"చేసినా."

"ఎందుకు?"

రెండు రొయ్యలు గిన్నెలో పడ్డాయి.

"ఏటి అత్తా, నేను నీకంత బరువైపోనానా?"

'ఏటి' అన్న మాట ఆమె నోట విని చాలా కాలమైంది. పెరాక్‌లో పామాయిలు తోటల పక్క పుట్టి పెరిగిన దీపా తెలుగు వేరు. తాతలు విశాఖపట్నం వైపు నుంచి మూటలో కట్టుకుపోయిన తెలుగు అది. కొత్తగా వచ్చినప్పుడు ఆమె 'ఏటి' అంటే ఈ ఇంట్లో అందరూ నవ్వేవారు. ఏడాదిలో 'ఏంది' అలవాటైంది. ఆమె తెలుగు చదవగలదు, రాయగలదు. అరవ బడుల్లో చదివిన వీళ్ళకు ఆ అక్షరాలు తెలియవు. అయినా మాట దగ్గర ఆమే వీళ్ళ దారికి వచ్చింది. ఒళ్ళు తెలియనంత కోపం వస్తే తప్ప పాత మాట పైకి రాదు.

అంజలైకి అది తెలుసు. పుల్ల పక్కన పెట్టింది.

"నీకిప్పుడు ఎన్నేండ్లు?"

"ముప్పై ఒకటి."

"ముప్పై ఒకటిలో నాకు ఇద్దరు పిల్లోళ్ళు, మీ మామ మిల్లు, ఇల్లంతా అరుపులు. నీకేముండాది ఈడ? ఒక ముసలాయన కాలి పుండు. ఒక ముసలిదాని ముడుచుకున్న మొగం. నువ్వు కింద కూచోని ఆ కాలికి సంచి కడతా ఉంటే నాకు ఎవరు కనపడతారో తెలుసా? వెట్రి కాదు. మీయమ్మ. కన్నబిడ్డను నా ఇంటికి పంపించింది, ఇందుకా పంపించింది అని."

"నేనెప్పుడన్నా కష్టమని చెప్పినానా?"

"చెప్పవు. అదే గదా నా బాధ."

వీధిలో ఐస్ అమ్మే బండి గంట కొట్టుకుంటూ పోయింది. దీపా ఇంకో రొయ్య అందుకుంది.

"అత్తా, నేను పోతే ఏం జరగతాదో చెప్పనా? అన్న కూతుళ్ళిద్దరి గదిలో నాకొక మంచం వేస్తారు. నెల తిరక్కముందే ఎవరో ఒకరిని చూసేదానికి తీసుకొస్తారు. భార్య పోయినాయన, ఇద్దరు పిల్లలు, మంచోడు. అందరూ మంచోళ్ళే. నేను ఇంకా వెట్రి చొక్కాలు మడత పెట్టి ఒక చోట ఉంచలేదు. అంతలోనే కాఫీ ఇవ్వాల."

"చేసుకోకూడదా? చేసుకోవాలనే నేను చెప్పేది."

"నేను చేసుకోనని చెప్పలేదు. నన్ను పంపించేదానికి అందరూ ఉండారు. ఉంచుకునేదానికీ అందరూ ఉండారు. మామ కాలికి నేను కావాల, శిలంబుకి నా బండి కావాల, నీకు నా పెళ్ళి కావాల. దీపా, నీకేం కావాల అని అడిగినోళ్ళు ఒక్కరు లేరు."

అంజలై కొంగుతో చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"సరి. అడగతాండా. నీకు ఈడ ఉండాలని ఉండాదా?"

దీపా పుల్ల కింద పెట్టింది. ఇంతసేపూ ఈ ప్రశ్న కోసమే పోట్లాడింది. తీరా వచ్చాక చేతిలో జవాబు లేదు.

"తెలీదత్తా. నిజంగా తెలీదు. కానీ ఇప్పుడు పోయేదానికి మనసు లేదు. బండి తోలేటప్పుడు బాగుంటాది. ముదలియార్‌పేట సిగ్నలు దగ్గర నిలబడతా గదా, అందరితో పాటు, పచ్చ లైటు కోసం... అప్పుడు నేను ఎవరి పెండ్లాన్నీ కాదు, ఎవరి కోడల్నీ కాదు. ఈ ఊర్లో ఒక మనిషిని. ఆ ఆర్‌సీ పుస్తకంలో నా పేరు, నేనుండే ఇల్లు ఉంటే చాలు. రేపు పోవాలనిపిస్తే పోతా. నా కాళ్ళతో పోతా. ఎవరో వచ్చి పిలుచుకోని పోవద్దు."

అంజలై రొయ్యల గిన్నెలో నీళ్ళు పోసింది, కలిపింది, పారబోసింది. మళ్ళీ పోసింది.

"నేనెందుకు చేవ్రాలు పెట్టలేదో అది నువ్వు అడగలేదు."

"చెప్పు."

"పెడితే నాకు ఆశ పుడతాది." గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు గిన్నెలోనే ఉన్నాయి. "నువ్వు ఈడనే ఉంటావని గవర్మెంటుకి రాసిచ్చినాక, పొద్దున లేచి నీ గది తలుపు చూసి, ఉండాది గదా అనుకుంటా. ఒకతూరి అట్ట అనుకోని, ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉండాడు గదా అనుకోని, కాఫీ కలిపేదానికి లోపలికి పోయినా. ఇంగొకతూరి నావల్ల కాదు దీపా. అందుకే నేనే పంపించేద్దామని చూసినా. పంపించేస్తే పోయినట్టుండదు."

దీపా తల వంచుకుంది. తన కన్నీళ్ళ గురించే ఇన్నాళ్ళూ ఆలోచించింది. ఈ మనిషి కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చిన క్షణం గురించి ఒక్కసారీ అడగలేదు.

ఇద్దరూ లేచారు. మిగిలిన రొయ్యల సంగతి కాసేపు మర్చిపోయారు.

బియ్యం డబ్బా మీది ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. అంజలై చదివి చెప్పమంది. దీపా ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. నా పేరు ఇది, ఈ ఇల్లు నా పేరున అద్దెకు ఉంది, చనిపోయిన నా కుమారుడి భార్య దీపా నాలుగు నెలలుగా మాతోనే ఇక్కడ ఉంటోంది.

"ఇంగొక మాట రాయి."

"ఏమని?"

"తన ఇష్టంతో ఉండాది, పోతానంటే ఎవరూ ఆపరు. అట్ట రాయి."

"అది వాళ్ళకు అక్కర్లేదత్తా."

"నాకు కావాల."

దీపా రాసింది. దాని కింద అంజలై అరవంలో పేరు రాసింది. నెమ్మదిగా, ఒక్కో అక్షరం గట్టిగా నొక్కి రాసింది.

*

సోమవారం అంజలై ఆ బండి వెనక మొదటిసారి కూర్చుంది. ఎన్నిసార్లు పిలిచినా ఆమె ఎప్పుడూ బస్సులోనే వెళ్ళేది. ఆఫీసులో ఉత్తరం ఇచ్చినవాళ్ళు గుర్తింపు కార్డుతో స్వయంగా రావాలన్నారు కాబట్టి తప్పలేదు. ముదలియార్‌పేట దాకా కోడలి భుజం రెండు చేతులతో పట్టుకుంది. ఆ తర్వాత ఒక్క చేత్తో పట్టుకుంది.

గాజు బల్ల వెనక ఉన్న అధికారిణికి యాభై ఏళ్ళుంటాయి. కళ్ళద్దాలు కిందికి దించి కాగితాలన్నీ చూసింది. అరవంలో, మధ్య మధ్య ఇంగ్లీషులో మాట్లాడింది.

"భర్త మీద ఆధారపడిన వీసా ఇది. ఆయన పోయిన సంగతి మాకు తెలియజేయలేదేమ్మా?"

దీపా మరణ ధ్రువపత్రం ముందుకు జరిపింది. దాన్ని సంచిలో అన్నిటికంటే కింద పెట్టుకొచ్చింది. అధికారిణి తేదీ చూసి గొంతు మార్చింది.

"పరవాలేదు. ఇల్లు మారినదీ చెప్పలేదు, గడువు దాటింది. ఆలస్యానికి కారణం ఒక కాగితం మీద రాసివ్వండి."

దీపా తెల్లకాగితం తీసుకుంది. పెన్ను పట్టుకుని కూర్చుంది. ఏమని రాయాలో తోచలేదు.

"ఇంట్లో మాటల్లేవని రాయి," అంది అంజలై పక్కనుంచి తెలుగులో.

అధికారిణి తలెత్తింది. "ఏమంటున్నారు మీ అత్తగారు?"

దీపా ఇంగ్లీషులో చెప్పింది. అధికారిణి అంజలై వైపు చూసింది. నవ్వలేదు గానీ ముఖం మెత్తబడింది. "కుటుంబంలో మరణం అని రాయండి. రెండూ ఒకటే."

తర్వాత ఉత్తరం చివరి వాక్యం దగ్గర ఆమె వేలు ఆగింది. "ఈ లైను అవసరం లేదు."

"ఉండనివ్వండి మేడమ్," అంది దీపా.

ఉండనిచ్చింది. చివరగా పాస్‌పోర్టు తిరిగి ఇస్తూ ఒక మాట చెప్పింది. "చిరునామా మార్పు రెండు మూడు రోజుల్లో వస్తుంది. అది సులభమే. వీసా వచ్చే నెలాఖరుకు ముగుస్తుంది, అదే అసలు పని. పొడిగింపుకు వెంటనే పెట్టుకోండి. మీ కేసు పైకి రాస్తాను. అది తేలేదాకా దేశం దాటకండి. దాటితే మళ్ళీ అక్కడినుంచి కొత్త వీసా అడగాలి. భర్త లేరు కాబట్టి ఇస్తారో లేదో నేను చెప్పలేను."

"దాటను మేడమ్."

మెట్లు దిగుతున్నప్పుడు అంజలై అడిగింది. "ఏమన్నాది చివర్న?"

దీపా చెప్పింది. అంజలై కొంగు భుజం చుట్టూ లాక్కుని బండి వైపు నడిచింది.

బుధవారం పర్మిట్ ఫోనులోకి వచ్చింది. దీపా అచ్చు తీయించి తెచ్చి రాజేంద్రన్‌కు చూపించింది. మురుంగపాక్కం అన్న మాట మీద ఆయన వేలు పెట్టి చదివి, "కరెక్టుగా ఉండాది!" అని ఇల్లు అదిరేలా అన్నాడు. ఆ సాయంత్రం శిలంబరసన్ ఫోన్ చేస్తే, గ్లాసు మరక పడ్డ కాగితం చింపేశానని అంజలై తనే చెప్పింది. అవతల అతను, "సరిమ్మా, బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీ చూసుకోమని వదినకు చెప్పు," అన్నాడు.

గురువారం రవాణా ఆఫీసుకు వెళ్ళారు. అంజలై రావలసిన పని లేదు. అయినా చీర మార్చుకుని బండి దగ్గర నిలబడింది.

"సుమ్మా, ఊరికే వస్తాండా," అంది.

కౌంటరులో గుమస్తా పాత ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, వీసా నకలు, కొత్త పర్మిట్ వరసగా పేర్చి చూశాడు. మలేసియా అని చదివి తలెత్తాడు. "విదేశీయులా? ఈ పర్మిట్ లేకుండా వచ్చి తిరిగిపోయినోళ్ళు చాలామంది. మీరు అన్నీ తెచ్చినారు." కాగితం మీద పెన్సిలు రుద్ది బండి చాసిస్ నంబరు అచ్చు తీసుకురమ్మన్నాడు. దీపా ఎండలో మోకాళ్ళ మీద కూర్చుంటే అంజలై గొడుగు పట్టింది. నంబరులో చివరి అంకె సరిగ్గా పడలేదు. రెండోసారి రుద్దాక పడింది.

రసీదు చేతికిచ్చి, "కొత్త ఆర్‌సీ పోస్టులో వస్తాది. మురుంగపాక్కం ఇంటికే," అన్నాడు గుమస్తా.

దారిలో అంజలై మాటలు మొదలుపెట్టింది. బండి మీద గాలికి సగం వినపడలేదు. చేపలు కొనాలంది. రేపు కట్టు మార్చుకున్నాక మామను సముద్రం దగ్గరికి తీసుకుపోదామా అంది. తొమ్మిది నెలల్లో ఆమె రేపటి గురించి మాట్లాడడం దీపా వినడం ఇదే మొదలు.

*

ఇంటి ముందు టాక్సీ ఒకటి తిరిగి వెళ్ళిపోతోంది.

వరండాలో రాజేంద్రన్ ఎదురుగా కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పక్కన చిన్న పెట్టె. మనిషి లేచి నిలబడ్డాక గానీ దీపా పోల్చుకోలేకపోయింది. జుట్టు బాగా నెరిసింది.

"అన్నా?"

"ఏటే దీపా," అన్నాడు సుబ్బరాయలు. "ఇంత సిక్కిపోనావేటి?"

దీపా హెల్మెట్ తీసింది. బండి దిగలేదు. వెనక అంజలై చెయ్యి ఆమె భుజం మీదే ఉంది.

"చెప్పకుండా వచ్చినావు?"

"చెపితే రావద్దంటావని." అతను మెట్టు దిగి వచ్చాడు. నవ్వబోయి మానేశాడు. "అమ్మ ఆసుపత్రిలో ఉంది. కడుపులో గడ్డ. ఫోనులో నీకు చెప్పొద్దంది. సోమవారం ఆపరేషను. నిన్ను చూడాలంటోంది. ఆదివారం చెన్నై నుంచి ఇద్దరికీ టికెట్లు తీసాను."

దీపా రెండు చేతులతో బండి హ్యాండిలు పట్టుకుంది. ఆ ఆదివారం ఫోనులో అమ్మ నిద్రపోతోందని అన్న చెప్పిన మాట ఇప్పుడు అర్థమైంది. సంచిలో రసీదు ఉంది. దేశం దాటకండి అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. కానీ ముందు కళ్ళలోకి వచ్చింది అమ్మ ముఖమే.

"డాక్టర్లు ఏమన్నారు?" అని అడిగింది.

"తెరిచి చూసాక చెప్తామన్నారు."

రాజేంద్రన్‌కు ఏమి వినపడిందో గానీ, కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

మొదట నోరు విప్పింది అంజలై.

"పోవాల. అమ్మ గదా, పోవాల," అంది. తర్వాత, బండి మీదనుంచే, సుబ్బరాయలు ముఖంలోకి చూస్తూ అడిగింది. "అది తిరిగొచ్చేదానికి టికెట్టు ఎప్పటికి తీసినారు నాయనా?"

సుబ్బరాయలు చెల్లెలి వైపు చూశాడు, అంజలై వైపు చూశాడు. అతనికి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"తియ్యలేదండీ," అన్నాడు. "మీరే కదండీ అత్తమ్మా, ఫోనులో ఒద్దన్నారు."